బ్రాండ్ ఒకటే, యజమాని వేరు: తిరుపతి హోటల్ నుంచి గల్ఫ్ హోటల్‌కు సిబ్బందిని పంపే పద్ధతి

తిరుపతిలో మీ హోటల్ బోర్డు మీద ఉన్న పేరే దుబాయ్‌లోనో దోహాలోనో మరో హోటల్ మీద ఉండొచ్చు. యూనిఫాం, శిక్షణ పుస్తకం, గెస్ట్‌కు నమస్కారం పెట్టే తీరు, అన్నీ ఒకేలా ఉంటాయి. దాంతో ఇక్కడి కుర్రాడిని అక్కడికి పంపడం బెంగళూరు యూనిట్‌కు ట్రాన్స్‌ఫర్ చేసినంత తేలిక అనిపిస్తుంది. చట్టం దృష్టిలో అది ట్రాన్స్‌ఫర్ కాదు. చాలాసార్లు అది ఇక్కడ రాజీనామా, అక్కడ కొత్త ఉద్యోగం. ఈ ఒక్క విషయం హెచ్‌ఆర్ మొదటి రోజే గ్రహించకపోతే గ్రాట్యుటీ, పీఎఫ్, వీసా, పన్ను, తిరిగి వచ్చాక పోస్టు, అన్నిచోట్లా చిక్కు పడుతుంది. నష్టపోయేది ఉద్యోగి.

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోని చైన్ హోటళ్ల హెచ్‌ఆర్ విభాగాల కోసం ఈ పద్ధతి రాస్తున్నాం. ఎక్కువ మంది వెళ్లేది గల్ఫ్‌కే కాబట్టి ప్రధానంగా యూఏఈ లెక్కలు తీసుకున్నాం. మిగతా దేశాల గురించి అవసరమైనంత మేరకే చెప్పాం.

మొదటి మెట్టు: జీతం ఎవరి ఖాతా నుంచి వస్తోందో చూడండి

చైన్ హోటల్ అంటే చైన్ సొంత హోటల్ అనే అర్థం లేదు. భవనం ఒకరిది, బ్రాండ్ ఇంకొకరిది, ఆ బ్రాండ్ వెనుక పెట్టుబడి మరొకరిది కావచ్చు. కరకంబాడి రోడ్డులోని మరాసా సరోవర్ ప్రీమియర్ పేరు చూడండి. అందులోని సరోవర్ సంస్థలో మెజారిటీ వాటాను 2017లో ఫ్రాన్స్‌కు చెందిన లూవ్ర్ హోటల్స్ గ్రూప్ కొన్నది. ఆ లూవ్ర్ అప్పటికే చైనాకు చెందిన జిన్ జియాంగ్ చేతిలో ఉంది. అలాగని తిరుపతిలో రిసెప్షన్‌లో నిలబడే అమ్మాయి షాంఘై కంపెనీ ఉద్యోగి అయిపోదు. ఆమె అపాయింట్‌మెంట్ లెటర్ మీద ఏ కంపెనీ పేరుంటే ఆమె ఆ కంపెనీ ఉద్యోగే.

సాధారణంగా మూడు ఏర్పాట్లు కనిపిస్తాయి. మేనేజ్‌మెంట్ ఒప్పందం (యజమాని తరఫున బ్రాండ్ కంపెనీ హోటల్ నడిపే ఏర్పాటు) ఉన్నచోట జీఎం (జనరల్ మేనేజర్), ఒకరిద్దరు ముఖ్య అధికారులు బ్రాండ్ కంపెనీ జీతం మీద ఉంటారు, మిగతా అందరూ భవన యజమాని కంపెనీ ఉద్యోగులు. ఫ్రాంచైజీ (బ్రాండ్ పేరు వాడుకుంటూ యజమానే నడిపేది) అయితే జీఎంతో సహా అందరూ యజమాని మనుషులే. అక్కడ బ్రాండ్ ప్రాంతీయ హెచ్‌ఆర్ ‘ఈ అబ్బాయిని పంపండి’ అని అడగవచ్చు గానీ ఆదేశించలేదు. బ్రాండే సొంతంగానో లీజుకో నడిపే హోటల్‌లో మాత్రం అసలైన ట్రాన్స్‌ఫర్‌కు కాస్త చోటుంటుంది. అప్పుడు కూడా అవతలి దేశంలో వేరే కంపెనీ రిజిస్టరై ఉంటుంది.

కాబట్టి అభ్యర్థి పేరు చర్చకు రాగానే ఒక కాగితం మీద నాలుగు పేర్లు రాయండి: ఇక్కడ జీతమిచ్చే కంపెనీ, ఇక్కడి బ్రాండ్ కంపెనీ, అక్కడ వీసా స్పాన్సర్ చేసే కంపెనీ, అక్కడి బ్రాండ్ కంపెనీ. మొదటి పేరు, మూడో పేరు వేరైతే దాన్ని ‘ట్రాన్స్‌ఫర్’ అని ఏ ఉత్తరంలోనూ రాయకండి. ‘బ్రాండ్ అంతర్గత నియామకం’ అనండి. ‘ట్రాన్స్‌ఫర్’ అనే మాట నమ్మి ఉద్యోగి తన సర్వీసు కొనసాగుతుందనుకుంటే, ఐదేళ్ల తర్వాత ఆ వివాదం లేబర్ ఆఫీసుకు చేరుతుంది.

పంపే దారులు కూడా మూడు. ఒకటి, ఇక్కడ రాజీనామా చేసి అక్కడ చేరడం. కమీ (కింది స్థాయి వంటవాడు), సీడీపీ (వంటశాలలో ఒక సెక్షన్ చూసే చెఫ్), ఫ్రంట్ ఆఫీస్, హౌస్‌కీపింగ్ సిబ్బందిలో ఎక్కువగా జరిగేది ఇదే. రెండు, డెప్యుటేషన్: ఇక్కడి ఉద్యోగం అలాగే ఉంచి నిర్ణీత కాలానికి పంపడం. ఇది పెద్ద పోస్టులకే గిట్టుబాటు. మూడోది కొత్త హోటల్ తెరిచేటప్పుడు నాలుగైదు వారాలకు పంపే టాస్క్‌ఫోర్స్. ప్రమాదం ఎక్కువ ఉన్నది ఈ మూడో దాంట్లోనే. ‘నెలే కదా, విజిట్ వీసా మీద వెళ్లి రమ్మను’ అంటారు. విజిట్ వీసా మీద పనిచేయించడం యూఏఈలో నేరం. 2024 ఆగస్టులో సవరించిన చట్టం ప్రకారం యాజమాన్యానికి లక్ష నుంచి 10 లక్షల దిర్హామ్‌ల దాకా జరిమానా పడవచ్చు. నెల రోజులకైనా సరే, అక్కడి హోటల్ తాత్కాలిక వర్క్ పర్మిట్ తీసుకుంటేనే పంపండి.

ఇంకో హెచ్చరిక. విదేశీ యజమానికి మనుషులను సమకూర్చే పనికి 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. మీ హోటల్ రిక్రూటింగ్ ఏజెంట్ కాదు. ఎంపిక చేసేది, ఆఫర్ ఇచ్చేది అవతలి హోటల్ కావాలి. మీరు చేసేది రిలీవ్ చేయడం, సలహా ఇవ్వడం వరకే. ‘ప్రాసెసింగ్ ఖర్చు’ అంటూ ఉద్యోగి దగ్గర రూపాయి తీసుకున్నా గీత దాటినట్టే.

రెండో మెట్టు: తేదీల గొడవ ముందే తీర్చుకోండి

గల్ఫ్ హోటళ్లకు సీజన్ అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా. వాళ్లు సెప్టెంబర్‌లో మనుషులు చేరాలంటారు. సరిగ్గా అప్పుడే మనకు బ్రహ్మోత్సవాలు. అధిక మాసం వచ్చిన ఏడాది రెండు బ్రహ్మోత్సవాలు ఉంటాయి. ఆ తర్వాత డిసెంబర్, జనవరిలో వైకుంఠ ఏకాదశి, పది రోజుల వైకుంఠ ద్వార దర్శనం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా వేసవి సెలవుల రద్దీ. అంటే మన హోటల్‌కు ఇబ్బంది లేకుండా మనిషిని వదలగలిగే కాలం నిజానికి రెండే ముక్కలు: జూలై నుంచి ఆగస్టు నడిమి వరకు, మళ్లీ జనవరి చివర నుంచి మార్చి వరకు.

జూలై, ఆగస్టులే మేలు. అప్పుడు గల్ఫ్‌లో ఎండలు మండుతుంటాయి, హోటళ్లలో జనం తక్కువ, కొత్తవాడికి పని నేర్చుకునే తీరిక దొరుకుతుంది. పన్ను లెక్కకూ అదే మంచిది, దాని సంగతి కింద వస్తుంది. జూలైలో పంపాలంటే మార్చిలో పని మొదలుపెట్టాలి. కాగితాలు సిద్ధంగా ఉన్న మనిషికి 60 రోజులు, పేరు సవరణలు ఉన్న మనిషికి 120 రోజులు పడుతుందని లెక్క వేసుకోండి.

ఒక డిపార్ట్‌మెంట్ నుంచి ఒకే సీజన్‌లో ఇద్దరికి మించి వదలకండి. తందూర్ సెక్షన్‌లో ముగ్గురుంటే ఒకరినే. వదలలేనప్పుడు ‘చూద్దాం’ అని నానబెట్టడం కన్నా ‘ఫిబ్రవరి 10న రిలీవ్ చేస్తాం’ అని తేదీ వేసి ఉత్తరం ఇవ్వండి. తేదీ లేని మాట విన్న కుర్రాడు రెండు వారాల్లో బయటి ఏజెంట్ దగ్గరికి వెళ్తాడు.

మూడో మెట్టు: ఎవరిని పంపాలి

మన దగ్గర మంచి సరుకే ఉంది. తిరుపతిలో ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, రాష్ట్ర హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ ఉంది. చిత్తూరు వైపు కుర్రాళ్లకు తెలుగుతో పాటు తమిళం నోట్లోనే ఉంటుంది, పలమనేరు, కుప్పం వాళ్లకు కన్నడం కూడా. యాత్రికులతో మాట్లాడీ మాట్లాడీ హిందీ అబ్బుతుంది. నానా దేశాల సిబ్బంది పనిచేసే గల్ఫ్ హోటల్‌లో ఇది పెద్ద ఆస్తి. రెజ్యూమెలో మూలన పడేయకుండా పైనే రాయించండి.

లోటు మరోచోట ఉంది. తిరుపతి హోటళ్లలో చాలా వరకు శాకాహారం, బార్ ఉండదు. నాలుగేళ్లు ఇక్కడ స్టీవార్డ్‌గా చేసిన వ్యక్తి వైన్ సీసా ఒక్కసారి కూడా తెరిచి ఉండకపోవచ్చు. నాలుగేళ్ల అనుభవం ఉన్న కమీకి చేప శుభ్రం చేయడం రాకపోవచ్చు. అవతలి హోటల్ ‘నాలుగేళ్ల అనుభవం’ అని చూసి తీసుకుంటుంది, మొదటి వారంలోనే నిరాశ పడుతుంది. ప్రొబేషన్‌లో వెనక్కి పంపడానికి ఇదొక ముఖ్య కారణం. అందుకే అభ్యర్థి ఏం చేయగలడో వంటకం వారీగా, సర్వీసు వారీగా రాసి పంపండి: రోజుకు ఎన్ని కవర్లు (భోజనాలు) చేశాడు, ఏ సెక్షన్‌లో, బఫేనా, మెనూ చూసి ఆర్డర్ ఇచ్చే ఆలకార్టేనా. లోటున్న చోట అదే చైన్‌కు చెందిన చెన్నై, బెంగళూరు హోటల్‌లో నాలుగు నుంచి ఆరు వారాల క్రాస్ ట్రైనింగ్ పెట్టించండి.

మరో మూడు ప్రశ్నలు ఇంటర్వ్యూకు ముందే, ఒంటరిగా, మర్యాదగా అడగాలి. గొడ్డు మాంసం ముట్టుకోగలవా? పంది మాంసం? మద్యం వడ్డించగలవా? ఇది విశ్వాసానికి సంబంధించిన సంగతి, ‘సర్దుకుపోతాడులే’ అనుకునేది కాదు. కాదంటే అతన్ని తప్పించాల్సిన పనీ లేదు. ఇండియన్ వెజ్ కిచెన్, పేస్ట్రీ, హౌస్‌కీపింగ్, ఫ్రంట్ ఆఫీస్ ఉన్నాయి. ఆ షరతును ఈమెయిల్‌లో అవతలి చెఫ్ చేత ఒప్పించుకోండి, ఫోన్ మాట సరిపోదు.

ఆరోగ్య పరీక్ష గురించి ముందే చెప్పండి. ఛాతీ ఎక్స్‌రేలో పాత టీబీ మచ్చ కనిపిస్తే గల్ఫ్ దేశాల్లో వీసా ఆగిపోయే ప్రమాదం ఉంది, జబ్బు ఎప్పుడో నయమైనా సరే. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా ఉంటాయి. రాజీనామా చేశాక ఈ సంగతి బయటపడితే ఉన్న ఉద్యోగం పోయినట్టే. కాబట్టి ముందుగా సొంతంగా పరీక్ష చేయించుకోమని సలహా ఇవ్వండి, ఆ రిపోర్టు మాత్రం మీరు అడగకండి, ఫైల్లో పెట్టకండి. ఉద్యోగం కోసం హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి చేయడాన్ని మన 2017 చట్టం నిషేధించింది. వెళ్లాలా వద్దా అనే నిర్ణయం అతనిదే.

నాలుగో మెట్టు: కాగితాలు

ఎక్కువ కేసులు ఆగేది పేరు దగ్గరే. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం ఉంటుంది, డిప్లొమాలో ఆ అక్షరం చివరికి పోతుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. నాలుగూ ఒకే మనిషివని గల్ఫ్ అధికారికి తెలియదు. అన్నింటికీ టెన్త్ మెమోను ప్రమాణంగా పెట్టుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి, పేరు గడి రెండూ నిండాలి. తేడా ఉంటే ముందు ఆధార్ సరిచేయించి, తర్వాత తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో రీ-ఇష్యూకు పెట్టించండి. పాస్‌పోర్టు గడువు ఏడాదిన్నర కన్నా తక్కువుంటే ఆ పనితోనే కొత్తది తీసుకోవడం మంచిది.

తర్వాత ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) ముద్ర. పదో తరగతి పాసవనివారి పాస్‌పోర్టు ఈసీఆర్ రకం. వాళ్లు యూఏఈ, సౌదీ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, మలేసియా సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ఈ-మైగ్రేట్ పోర్టల్ ద్వారా ఎమిగ్రేషన్ అనుమతి కావాలి. గిన్నెలు తోమే స్టీవార్డింగ్, లాండ్రీ, తోట పని విభాగాల్లో ఇలాంటివాళ్లు ఎక్కువ. పాస్‌పోర్టు తీసుకున్నాక ఓపెన్ స్కూల్లో టెన్త్ పాసైనవాళ్లు ఉంటారు. వాళ్లు మెమో చూపించి పాస్‌పోర్టు మార్పించుకుంటే ఆ అనుమతి పనే ఉండదు. ఈసీఆర్ వాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి: 10 లక్షల రూపాయల రక్షణ, ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ఏజెంట్ ద్వారా వెళ్లాల్సి వస్తే ఆ ఏజెంట్ పేరు ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో చూడండి. వాళ్లు తీసుకోగలిగిన గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ.

సర్టిఫికెట్ల ధ్రువీకరణలో దేశాన్ని బట్టి దారి మారుతుంది. సౌదీ, ఒమన్, బహ్రెయిన్‌లకు విదేశాంగ శాఖ అపోస్టిల్ (ఆ ఒప్పందంలో చేరిన దేశాలన్నింటా చెల్లే ధ్రువీకరణ ముద్ర) చాలు. యూఏఈ, ఖతార్, కువైట్ ఈ అపోస్టిల్ ఒప్పందంలో లేవు. వాటికి రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, ఆ దేశపు రాయబార కార్యాలయం, మూడు ముద్రలూ పడాలి. దీనికే నాలుగైదు వారాలు పోతాయి. డిప్లొమా అవసరం లేని పోస్టుకు ఈ ఖర్చు పెట్టించకండి, ఏ పోస్టుకు కావాలో అవతలి హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి. ఖతార్‌కు వెళ్లేవాళ్లకు మెడికల్, వేలిముద్రలు, ఒప్పందం మీద సంతకం, అన్నీ చెన్నై లేదా హైదరాబాద్‌లోని ఖతార్ వీసా కేంద్రంలోనే జరుగుతాయి. సౌదీ, కువైట్‌లకు వాఫిద్ అనే గల్ఫ్ మెడికల్ పరీక్షల ఆన్‌లైన్ వ్యవస్థలో చీటీ తీసుకుని గుర్తింపు ఉన్న క్లినిక్‌కు వెళ్లాలి. పోలీస్ క్లియరెన్స్ కూడా పాస్‌పోర్ట్ సేవా కేంద్రం నుంచే వస్తుంది.

ఐదో మెట్టు: ఆఫర్ లెటర్‌ను పక్కన కూర్చుని చదివించండి

హెచ్‌ఆర్ తన మనిషికి చేయగలిగిన అతి పెద్ద మేలు ఇదే. గంట పడుతుంది.

మొదట బేసిక్ చూడండి, మొత్తం తర్వాత. రెండు ఆఫర్లలో మొత్తం 2,200 దిర్హామ్‌లే ఉందనుకోండి. ఒకదానిలో బేసిక్ 1,200, మరోదానిలో 1,600. యూఏఈలో గ్రాట్యుటీ మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులు. మొదటి ఆఫర్‌లో 1,200ను 30తో భాగించి 21తో గుణిస్తే ఏడాదికి 840. రెండోదానిలో 1,120. రెండేళ్లకు తేడా 560 దిర్హామ్‌లు. ఓవర్‌టైం, వాడని సెలవు డబ్బు కూడా బేసిక్ మీదే లెక్క. బ్రేక్ షిఫ్ట్‌లు, సీజన్‌లో అదనపు గంటలు సహజమైన హోటల్ పనిలో ఈ తేడా నెలనెలా కనిపిస్తుంది.

రెండోది, సర్వీస్ ఛార్జ్. ‘సగటున ఇంత వస్తుంది’ అని నోటితో చెప్పే అంకెను జీతంలో కలపకండి. గెస్ట్ బిల్లులో సర్వీస్ ఛార్జ్ వేసినంత మాత్రాన అది సిబ్బందికి పంచాలని లేదు. ఒప్పందంలో రాసి ఉంటేనే లెక్కలోకి తీసుకోండి. ఇక్కడ పాయింట్ల లెక్కన నెలనెలా సర్వీస్ ఛార్జ్ అందుకునే ఉద్యోగి అక్కడా అదే వస్తుందనుకుని వెళ్లి, ఇంటికి పంపే డబ్బులో కోత పడి కుమిలిపోతాడు.

ఇక మిగతావి. గదిలో ఎంతమంది, క్యాంటీన్‌లో రోజూ శాకాహారం దొరుకుతుందా, సెలవు రోజు భోజనం ఉందా, స్టాఫ్ బస్సు చివరి ట్రిప్పు ఎన్నింటికి, సెలవు టికెట్ ఏడాదికా రెండేళ్లకా, ఏ విమానాశ్రయం దాకా. ‘ఇండియాకు టికెట్’ అని ఉంటే ముంబై దాకానే ఇచ్చే వీలుంది. ‘చెన్నై’ అని రాయించండి.

యూఏఈలో 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం ప్రకారం ప్రొబేషన్ ఆరు నెలలకు మించకూడదు. వారానికి 48 గంటలు, ఏడాది నిండాక 30 రోజుల వార్షిక సెలవు. నియామక ఖర్చులు ఉద్యోగి మీద వేయకూడదు, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. ప్రొబేషన్‌లో మానేసి ఇంటికి రావాలంటే 14 రోజుల నోటీసు ఇవ్వాలి. యూఏఈలోనే మరో హోటల్‌కు మారాలంటే నెల. నిరుద్యోగ బీమా అనే చిన్న సంగతిని అందరూ మరిచిపోతారు. బేసిక్ 16,000 లోపు ఉన్నవాళ్లకు నెలకు 5 దిర్హామ్‌లే, కానీ కట్టేది ఉద్యోగే. చేరకపోతే 400 దిర్హామ్‌ల జరిమానా.

ఖతార్ ఆఫర్ అయితే కనీస వేతనం గుర్తుంచుకోండి: 1,000 రియాళ్ల బేసిక్, యజమాని వసతి ఇవ్వకపోతే 500, భోజనం పెట్టకపోతే 300. సింగపూర్‌లో సర్వీసు రంగానికి విదేశీయుల కోటా గట్టిది, ఇండియన్ రెస్టారెంట్ వంటవాళ్లకు మాత్రం 2023 సెప్టెంబర్ నుంచి ప్రత్యేకంగా దారి తెరిచారు. జపాన్ 2019 నుంచి వసతి రంగానికి నైపుణ్య వీసా ఇస్తోంది: నైపుణ్య పరీక్ష, ప్రాథమిక జపనీస్ రావాలి, ఐదేళ్ల దాకా ఉండొచ్చు, మొదటి దశలో కుటుంబాన్ని తీసుకెళ్లలేరు. బ్రిటన్‌లో 2025 జూలై నుంచి నైపుణ్య వీసాను డిగ్రీ స్థాయి ఉద్యోగాలకు పరిమితం చేశారు. చెఫ్‌గా లండన్ పంపిస్తామనే ఏజెంట్ మాట వింటే మీ సిబ్బందిని హెచ్చరించండి.

సంతకం పెట్టే ముందు ఆఫర్ సారాంశాన్ని ఒక పేజీ తెలుగులో రాసి ఇవ్వండి. దాన్ని ఇంట్లో చూపించుకోవాలి. వెళ్లాలనే నిర్ణయం ఇంటిల్లిపాదిదీ.

ఆరో మెట్టు: ఇక్కడి లెక్కలు తేల్చడం

రిలీవింగ్ తేదీ వేసేముందు చేరిన తేదీ చూడండి. శాశ్వత ఉద్యోగికి గ్రాట్యుటీ ఐదేళ్లకు. 18,000 బేసిక్‌తో ఆరేళ్లు చేసిన మనిషికి 18,000ను 26తో భాగించి 15తో, 6తో గుణిస్తే 62,308 రూపాయలు. నాలుగేళ్ల మూడు నెలలకు వెళ్లిపోతే సున్నా. నాలుగేళ్లు నిండి ఐదో ఏట 240 రోజులు పనిచేస్తే ఐదేళ్లుగా లెక్కించాలన్న మద్రాసు హైకోర్టు తీర్పును చాలా కంపెనీలు పాటిస్తాయి. మీ కంపెనీ పాటిస్తుందో లేదో ముందే తేల్చండి. నిర్ణీత కాల ఒప్పందం మీదున్నవాళ్లకు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్ల ప్రకారం ఏడాదికే అర్హత ఉంది. కొద్ది వారాల తేడాతో అర్హత పోతుంటే చేరే తేదీని వాయిదా వేయమని అవతలి హోటల్‌ను అడగండి. అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు.

పీఎఫ్ డబ్బు తీసుకోవద్దని నచ్చజెప్పండి. గల్ఫ్‌లో పీఎఫ్ లేదు. ఇక్కడ పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి, డబ్బు లాగేస్తే ఆ లెక్క మొదటికొస్తుంది. యూఏఎన్‌కు (పీఎఫ్ సభ్యుడి శాశ్వత నంబర్) ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా జతపడ్డాయా, నామినీ ఉన్నారా, నిష్క్రమణ తేదీ పడిందా చూడండి. ఓటీపీ వచ్చే ఫోన్ నంబర్ పనిచేస్తూ ఉండాలి. సిమ్ రీఛార్జ్ చేయక నంబర్ పోగొట్టుకుని పీఎఫ్, బ్యాంకు రెండింటికీ దూరమైనవాళ్లు గల్ఫ్‌లో కోకొల్లలు.

డెప్యుటేషన్ మీద జర్మనీ, ఫ్రాన్స్, జపాన్ వంటి సామాజిక భద్రతా ఒప్పందం ఉన్న దేశానికి పంపుతుంటే పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌ఓ నుంచి కవరేజ్ సర్టిఫికెట్ తీసుకోండి. అది ఉంటే అక్కడ మళ్లీ చందా కట్టక్కర్లేదు. గల్ఫ్ దేశాలతో ఇలాంటి ఒప్పందం లేదు.

21,000 లోపు వేతనంతో ఈఎస్‌ఐలో ఉన్న ఉద్యోగి వెళ్లిపోతే తిరుపతి ఈఎస్‌ఐ ఆస్పత్రిలో తల్లిదండ్రులు, భార్యాపిల్లలు పొందే వైద్యానికి ఆధారం పోతుంది. ఈ సంగతి ఆసుపత్రి మెట్ల మీద తెలియకూడదు. రిలీవ్ కావడానికి ముందే కుటుంబానికి ఆరోగ్య బీమా తీసుకోమనండి.

పన్ను విషయానికొస్తే, ఉద్యోగం కోసం దేశం విడిచిన భారతీయుడు ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజుల కన్నా తక్కువ ఇక్కడ ఉంటే నాన్ రెసిడెంట్. ఏప్రిల్ 1 నుంచి లెక్కేస్తే సెప్టెంబర్ 28 నాటికి 181 రోజులు. ఆ తేదీలోపు విమానమెక్కితే, మళ్లీ మార్చి దాకా రాకపోతే, ఆ ఏడాది గల్ఫ్ జీతం మీద ఇక్కడ పన్ను ఉండదు. అక్టోబర్‌లో వెళ్లినవాళ్లు రెసిడెంట్‌గా మిగిలి, అక్కడి జీతం కూడా రిటర్న్‌లో చూపించాల్సి వస్తుంది. కమీ జీతానికి ఇది పెద్ద సంగతి కాకపోవచ్చు. సూ చెఫ్ (వంటశాలలో రెండో స్థానం), ఎఫ్ అండ్ బి (ఆహార పానీయాల విభాగం) మేనేజర్లకు లక్షల తేడా. మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా (ప్రవాసులకు ఇక్కడి ఆదాయం కోసం ఉండే ఖాతా) మార్పించి, అక్కడి నుంచి డబ్బు పంపేందుకు ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరిపించడం కూడా ఈ మెట్టులోనే.

ఏడో మెట్టు: మొదటి తొంభై రోజులు

రిలీవ్ చేశాక మీ పని అయిపోలేదు. వెళ్లిన మనిషికి అక్కడ కాంట్రాక్టు, ఆఫర్‌లో చెప్పినట్టే ఉందా? ఏడో రోజు ఒక ఫోన్ చేసి మూడు అంకెలు అడగండి: బేసిక్, మొత్తం, పని గంటలు. ముప్పయ్యో రోజు మొదటి జీతం బ్యాంకులో పడిందా అడగండి. యూఏఈలో జీతం వేజ్ ప్రొటెక్షన్ సిస్టం ద్వారా రావాలి, చేతికి నగదు ఇస్తున్నారంటే ఏదో తేడా ఉంది. తొంభయ్యో రోజు అవతలి డిపార్ట్‌మెంట్ హెడ్‌తో మాట్లాడండి. ఇక్కడ నేర్పిన ఆహార భద్రతా శిక్షణ అక్కడ చెల్లదు, అక్కడి మున్సిపాలిటీ శిక్షణ, హెల్త్ కార్డు మళ్లీ చేయించాల్సిందే. అది ఆలస్యమై కిచెన్‌లోకి రానివ్వకపోతే ఉద్యోగి తన తప్పేమోనని భయపడతాడు.

ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పాలో వెళ్లే ముందే ఒక కాగితం మీద వరుసగా రాసివ్వండి: అక్కడి హెచ్‌ఆర్, బ్రాండ్ ప్రాంతీయ హెచ్‌ఆర్, బ్రాండ్ ఫిర్యాదు లైన్, ఆ దేశపు కార్మిక శాఖ, భారత కాన్సులేట్, మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్, ప్రవాసాంధ్రుల కోసం పనిచేసే ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ. మహిళా ఉద్యోగులతో ఇంకొంచెం సేపు కూర్చోండి. లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే ఇక్కడి అంతర్గత కమిటీ అధికారం అక్కడి హోటల్ మీద చెల్లదని, బ్రాండ్ ఫిర్యాదు లైన్ ఎలా వాడాలో స్పష్టంగా చెప్పండి.

ఎనిమిదో మెట్టు: అక్కడి నుంచి ఇక్కడికి వచ్చేవాళ్లు

విదేశీ జీఎంనో థాయ్ చెఫ్‌నో తిరుపతికి తెచ్చుకునేటప్పుడు ఎంప్లాయ్‌మెంట్ వీసాకు ఏడాదికి 16.25 లక్షల రూపాయల కనీస జీతం నిబంధన ఉంది. తన దేశపు వంట చేసే విదేశీ వంటవాళ్లకు ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. 180 రోజులు దాటే వీసా అయితే వచ్చిన 14 రోజుల్లో విదేశీయుల నమోదు పోర్టల్ ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో రిజిస్ట్రేషన్ చేయించాలి. ఆయన హోటల్ గదిలోనే ఉంటుంటే విదేశీ గెస్ట్ లాగే 24 గంటల్లో వివరాలు పంపాలి. ‘మన స్టాఫే కదా’ అని ఫ్రంట్ ఆఫీస్ వదిలేస్తుంది, తనిఖీలో దొరుకుతుంది.

హోటల్ గదిలో ఉచిత వసతికి పెర్క్విజిట్ (జీతంతో పాటు అందే సదుపాయం) కింద పన్ను ఉంది: జీతంలో 24 శాతం లేదా గదికి అయిన ఛార్జీ, ఏది తక్కువైతే అది ఆ సదుపాయం విలువగా లెక్క. పీఎఫ్‌లో విదేశీ ఉద్యోగికి 15,000 వేతన పరిమితి వర్తించదు, పూర్తి జీతం మీద కట్టాలనేది నిబంధన. దీన్ని కర్ణాటక హైకోర్టు 2024లో కొట్టేసింది. కానీ కట్టడం ఆపేముందు న్యాయవాది సలహా తీసుకోండి.

జీతం విదేశీ కంపెనీ ఇచ్చి, దాన్ని మీ హోటల్ తిరిగి చెల్లిస్తుంటే మరో చిక్కు. 2022 మే నెలలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత దీన్ని మనుషుల్ని సరఫరా చేసే సేవగా చూసి రివర్స్ ఛార్జ్ (సేవ పొందినవారే పన్ను కట్టే పద్ధతి) కింద 18 శాతం జీఎస్‌టీ అడుగుతారు. ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన జీఎస్‌టీని తన పన్నులో సర్దుకునే వీలు) దొరికే పరిశ్రమకు అది బాధ కాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 7,500 రూపాయల లోపు గదులకు 5 శాతం జీఎస్‌టీ, క్రెడిట్ లేకుండా. తిరుపతి గదుల్లో ఎక్కువ భాగం ఆ ధరలోనివే కాబట్టి ఆ 18 శాతం మీ ఖర్చుగా మిగిలిపోతుంది. ఆయన్ను నేరుగా మీ జీతాల్లో పెట్టుకోవడం నయం.

తొమ్మిదో మెట్టు: తిరిగి రావడం

చైన్లు అన్నింటికన్నా అలక్ష్యం చేసేది దీన్నే. రెండేళ్లు దుబాయ్‌లో చేసి సీడీపీగా తిరిగొచ్చిన వ్యక్తిని పాత కమీ పోస్టులో, పాత జీతం మీద కూర్చోబెడితే నెలలో వెళ్లిపోతాడు. రాజీనామా మీద వెళ్లినవాడికి తిరిగి తీసుకునే బాధ్యత చట్టప్రకారం మీకు లేదు. కానీ రిలీవింగ్ లెటర్‌తో పాటు ‘తిరిగి వస్తే ఖాళీని బట్టి మొదటి ప్రాధాన్యం, అప్పటి హోదాకు తక్కువ కాని పోస్టు’ అని ఒక వాక్యం రాసివ్వడానికి ఏ యజమానీ అడ్డు చెప్పడు.

ఒప్పందం ముగియడానికి నాలుగు నెలల ముందే ఫోన్ చేసి ఆలోచన అడగండి. ఆగస్టులో వచ్చేలా కుదిరితే బ్రహ్మోత్సవాల రోస్టర్‌కు శిక్షణ పొందిన మనిషి దొరుకుతాడు. చేరగానే పాత యూఏఎన్ నంబరే ఇవ్వాలి, కొత్తది సృష్టిస్తే పాత సర్వీసు కలపడానికి ఏళ్లు పడుతుంది. ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలను మళ్లీ రెసిడెంట్ ఖాతాలుగా మార్పించండి. ఈఎస్‌ఐ, కుటుంబ బీమా మళ్లీ చూడండి.

అన్నింటికన్నా ముందు, అక్కడ విమానం ఎక్కకముందే గ్రాట్యుటీ, మిగిలిన సెలవు డబ్బు ఖాతాలో పడ్డాయో లేదో చూసుకోమనండి. యూఏఈ చట్టం ప్రకారం ఒప్పందం ముగిసిన 14 రోజుల్లో అన్ని బకాయిలూ చెల్లించాలి. డబ్బు పడకుండా ‘అన్నీ అందాయి’ అనే కాగితం మీద సంతకం పెట్టొద్దని, వీసా రద్దు కాగితం కాపీ, సర్వీసు సర్టిఫికెట్ చేతికొచ్చాకే అక్కడి ఖాతా మూసేయమని ఆ నాలుగు నెలల ముందు ఫోన్‌లోనే చెప్పండి.